రెండో పలక

దుర్గాబాయికి తన భర్త ఫణిభూషణ్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ వరసగా పరిస్తే మేడ్చల్ రైల్వే స్టేషన్ దాకా వస్తాయి గాని, ఆ ఉదయం ఒక్కదానితో సరిపెట్టుకుంది. ఫ్రిజ్‌లో కూరగాయల అర మొత్తం ఆయన తమలపాకులదే. రాత్రి పడుకోబోయే ముందు ఆకులు ఒక్కొక్కటే తుడిచి, తడిబట్టలో చుట్టి, ఆ మూటను చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెడతాడు. వంకాయలు బయట వాడిపోతుంటాయి. ఇన్నేళ్ల కాపురంలో తనకు అంత శ్రద్ధగా ఒక్కసారైనా దుప్పటి కప్పలేదని ఆమె మేనకోడలు సృజనతో అంటుండగా, మెట్ల మీద ఎవరో వచ్చి ఆగిపోయిన చప్పుడైంది.

మేడ్చల్ బస్టాండు ఎదురుగా, జెరాక్స్ షాపు పైన ఒక గది. బయట 'దుర్గాబాయి, ప్రైవేటు పరిశోధన' అని బోర్డు. వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం పెళ్లికొడుకుల జీతాల గురించి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా సాయం చేస్తానని వచ్చిన సృజన, ఉద్యోగం వెతకడమే మానేసింది. మా అత్తమ్మ మనిషిని చూసి చెప్పులు ఎక్కడ కొన్నాడో చెప్పేస్తుందని స్నేహితురాళ్లకు గొప్పలు చెప్పుకుంటుంది. దుర్గాబాయి ఆ పని చేసింది ఒక్కసారే, అదీ ఆ షాపు సంచి అతని చేతిలో ఉన్నప్పుడు.

లోపలికి వచ్చినామె ముసలిది. తెల్లచీర కట్టింది. కుర్చీ అంచున కూర్చుని తలుపు వైపు మళ్లీ చూసింది.

"మా ఆయనకు తెల్వకుండ వచ్చిన," అంది. "పేరు ఎలీషమ్మ. మాది కౌకూర్. నా బిడ్డ ప్రిస్కిల్లా సచ్చిపోయి రెండు వారాలైతాంది. తానే క్వారీ గుంతల దుంకిందని రాసుకున్నరు. నేను నమ్మ."

"బిడ్డ ఏం జేస్తుండె?"

"బొమ్మలు. చెక్క మీద చెక్కి కాయితం మీద అద్దుతది. జపానోళ్ల పద్ధతంట. చెరువులు కబ్జా జేసెటోళ్ల మీద, భూములు పోయినోళ్ల మీద. శామీర్‌పేట అవతల షెడ్డుల పని. మా ఆయన చర్చిల పెద్ద. లీడర్ల మీద బొమ్మలెందుకు, సంఘానికి తిప్పలు తెస్తవా అని ఇంటికి రావద్దన్నడు. నేను ఆదివారం పొద్దుగాల పోయి చూసొస్తుంటి. ఆ ఆదివారం పోతే గుంత ఒడ్డుకు చెప్పులున్నయి."

ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. నల్లటి గీతలతో అచ్చు బొమ్మ. నడుములోతు నీళ్లలో ఒక ఆడమనిషి, చేతులు రెండూ బారచాపి నిలబడింది. చుట్టూ అంతా ఖాళీ.

"గిది బల్ల మీద దొరికింది. గిదే ఆఖరి ఉత్తరం అన్నడు ఎస్సై. మా ఆయన గూడ నమ్మిండు. మా బొందలగడ్డల తమంతట తాము సచ్చిపోయినోళ్లకు గోడ పక్కన వేరే వరస. గంట కొట్టరు, పాట పాడరు. నా బిడ్డను ఆన్నే పెట్టిచ్చిండు, కన్నతండ్రి." ఆమె ఫోన్‌ను కొంగుకు తుడిచి ఒళ్లో పెట్టుకుంది. "శనివారం పగలు ఫోన్ల 'అమ్మా, రేపు గంజి పట్కరా, చిక్కగ కాచు' అన్నది. సచ్చేటోళ్లు గంజి అడుగుతరా? గదే చెప్తే ఎస్సై నవ్విండు, ఆకలైతే ఎవరన్న అడుగుతరమ్మా అని."

"నన్నేం జేయమంటవ్ అక్కా?"

"నా బిడ్డను గోడకాడికెల్లి తేవాలె. గంట కొట్టాలె. గంతే."

శామీర్‌పేట దాటి తారురోడ్డు దిగితే పాత కోళ్ల షెడ్డు. ఇప్పుడందులో కోళ్లకు బదులు చెక్క పలకలున్నాయి. వెనక తుమ్మచెట్లు, వాటి వెనక వదిలేసిన రాతి క్వారీ, అందులో పచ్చటి నీళ్లు. ముందు ఒక కుంట. సగం నీళ్లు, సగం లారీలు పోసిపోయిన ఎర్రమట్టి. బస్సులో వస్తూ సృజన ఫోన్‌లో వీడియోలు చూసి పాఠం అప్పజెప్పింది. ఈ పద్ధతిలో ప్రెస్సు ఉండదు. ఒక్కో రంగుకు ఒక్కో పలక చెక్కుతారు. నీళ్ల రంగు పూసి, పైన కాగితం పరిచి, అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళతో వెనకనుంచి రుద్దుతారు.

"వాళ్ల బియ్యం, వాళ్ల నీళ్లు, వాళ్ల ఓపిక," అంది దుర్గాబాయి. "మనకు మొదటి రెండున్నయి."

షెడ్డులో ప్రిస్కిల్లాతో కలిసి పనిచేసే అభిలాష్ ప్రదర్శనకు బొమ్మలు సర్దుతున్నాడు. నెత్తిన జుట్టు ముడి, గుండ్రటి కళ్లద్దాలు. గౌడవెల్లి భూస్వామి, ఇప్పుడు రియల్ ఎస్టేటూ రాజకీయమూ రెండూ చేస్తున్న అంజయ్య కొడుకు. తండ్రితో తనకు మాటల్లేవని ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతాడు. పక్కన ఆహ్వానపత్రాల కట్ట: పెద్ద అక్షరాల్లో 'పూడిక - అభిలాష్'. కింద, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడకుండా, 'సహకారం: ప్రిస్కిల్లా'.

దుర్గాబాయి ఒక పలక ఎత్తి చూసింది. కింది మూలన ఎల్ ఆకారంలో చిన్న గాటు, అదే అంచున కొంచెం ఎడంగా మరో తిన్నటి గాటు. "గివేంటియి?"

"కాగితం ఆనించడానికి," అన్నాడు అభిలాష్ ఉత్సాహంగా. "ఒక బొమ్మకు ఎన్ని పలకలున్నా ఈ గాట్లు ఒకేచోట ఉంటాయి. కాగితం మూల ఇక్కడ ఆనితే ప్రతి రంగూ దాని చోట్లోనే పడుతుంది. వందల ఏళ్ల నాటి పద్ధతి. నా ఉపన్యాసాల్లో దీని గురించే చెబుతుంటాను."

"మీరు గూడ చెక్కుతరా?"

"నేనూ ప్రిస్కిల్లా ఏళ్లుగా కలిసి చేశాం. గీయడం, చెక్కడం, అచ్చు తీయడం, అన్నీ."

దుర్గాబాయి అతని చేతుల వైపు చూసింది. గోళ్లు పెళ్లికొడుకు గోళ్లలా ఉన్నాయి.

"మరి నీళ్లల్ల ఆడమనిషి బొమ్మ?"

"అది ఆమె సొంతంగా గీసింది. ఒక్క నలుపే. పూర్తయిన పని. చెప్పాలనుకున్నదంతా అందులో చెప్పేసి వెళ్లిపోయింది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొన్నాళ్లుగా దిగులుగా ఉండేది. వాళ్ల నాన్నకు కూడా అదే చెప్పాను."

"ఆ శనివారం మీరు ఈడికి వచ్చిండ్రా?"

"లేదు. సిటీలో ఉన్నాను, గ్యాలరీ గోడలు చూసుకుంటూ."

బల్ల కింద రెండు చెక్కల మధ్య నొక్కిపెట్టిన ప్లాస్టిక్ మూట ఒకటి ఉంది. దుర్గాబాయి కాలితో చూపించింది. "గా మూట?"

"పాత గుడ్డలనుకుంటా. వాసనొస్తోంది, పారేయాలి."

"పోయేటప్పుడు నేనే పారేస్త తీయ్. మా ఇంట్ల గదే పని నాది."

కుంట గట్టు మీదికి వచ్చాక మూట విప్పింది. పైన తడిగుడ్డ, దాని మీద బూడిదరంగు బూజు. గుడ్డ కింద కాగితాల దొంతర, ఇంకా చెమ్మగానే ఉంది. తీసిన ప్రతి కాగితం మీదా అదే ఆడమనిషి, అవే చాచిన చేతులు.

"ఇన్ని ఉన్నాయేంటి అత్తమ్మా?"

దుర్గాబాయి భర్తకు ఫోన్ కలిపింది. "ఏమయ్యా, రాత్రి ఆకులను తడిబట్టల ఎందుకు చుడ్తవ్?"

ఇలాంటి ప్రశ్నలకు సరైన జవాబు ఉండదని ఆయనకు అనుభవం. చివరికి, "ఎండిపోవద్దని... రేపటికి కావాలె గదా," అన్నాడు.

"మంచిగ చెప్పినవ్," అని పెట్టేసింది. ఆ మెచ్చుకోలుకు ఆయన సాయంత్రం దాకా భయపడుతూనే ఉన్నాడని తర్వాత తెలిసింది.

కౌకూర్‌లో ప్రిస్కిల్లా తండ్రి జయరాజు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. తెల్లచొక్కా, గుండీలన్నీ పెట్టుకున్న మనిషి.

"ఎవరు తోలిండ్రో నాకెర్కే," అన్నాడు. "చెప్పేదేం లేదు. ఆమె జేసింది పాపం. గోడ పక్కనే ఉండాలె."

"కన్నబిడ్డ గద సార్."

"మా సంఘంల గిడియోన్ అని ఉన్నడు, కొడుకు ఉరేసుకున్ననాడు ఆ తండ్రి నా కాళ్లు వట్టుకున్నడమ్మా. కొడుకును తల్లి సమాధి పక్కన పెట్టనియ్యమన్నడు. నేనే వద్దన్న. అప్పుడు వానికో రూలు, ఇప్పుడు నాకో రూలా?" గేటు గడియ మీద ఆయన చేయి బిగిసింది. "ఇంటికి రావద్దన్నది నేనే. నా మాటకే దుంకింది. నాకు తెల్వదా? ఇగ పొండ్రి."

రోడ్డు మీదికొచ్చాక సృజన, "రాయి," అంది.

"కాదే. రాయి అయితే మనల్ని కూసోబెట్టి మాట్లాడేది," అంది దుర్గాబాయి.

మర్నాడు గౌడవెల్లిలో అంజయ్య ఫామ్‌హౌస్. కుర్చీల నిండా మనుషులు, గోడల నిండా ఫ్లెక్సీలు. అంజయ్య మర్యాదస్తుడు, తనమీద అనుమానంతో వచ్చారని తెలిసి కూడా మంచినీళ్లు తెమ్మన్నాడు.

"నా మీద బొమ్మలేసింది, నిజమే. నేను సూడనే సూడలె. బొమ్మలు జూసి ఎవలన్న ఓటేస్తరా అమ్మా, ఆపుతరా?"

"కుంటల మట్టి పోసే లారీలు మీయేనంట?"

"నాయి గావు!" అంజయ్య నవ్వాడు. "నేను ఎలక్షన్ల నిలవడాలె గదా. మొత్తం మా అభిలాష్ పేరు మీదున్నయి. వాడు సంతకం వెడ్తడు, పైసలు దీస్కుంటడు, బయట నన్ను తిడ్తడు. తిట్టనీ. ఇంట్ల ఒకడు అటుపక్క ఉంటే మంచిదే."

పనిమనిషి బుచ్చవ్వ వసారాలోని కుండ మీది మూత జరిపి నీళ్లు ముంచింది. మూత అంటే మూత కాదు, నలుచదరపు మందపాటి చెక్క. నునుపు వైపు పైకి ఉంది. కింది మూలన ఎలుక కొరికినట్టు చిన్న గాటు, ఎడంగా మరొకటి. దుర్గాబాయి నీళ్లు తాగి, గ్లాసు తనే కడిగి ఇస్తానని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి, దినపత్రికలో చుట్టిన పలకను చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఏంటత్తమ్మా అది?"

"బుచ్చవ్వ మూత. స్టీలుది కొనిస్తనని మాటిచ్చిన. నీ దగ్గర ఎస్సై నంబరున్నదా?"

అందరినీ కోళ్ల షెడ్డులోనే కూర్చోబెట్టారు. ఎలీషమ్మ, ఆమెకు దూరంగా జయరాజు. అంజయ్య, అభిలాష్ ఎదురెదురుగా, మాటల్లేవన్నట్టు. తలుపు దగ్గర కొత్త మూత ఒళ్లో పెట్టుకుని బుచ్చవ్వ. ఎస్సై సాయికిరణ్ గడియారం చూసుకుంటున్నాడు. మూసేసిన కేసు తెరవడం అతనికి మూసేసిన పెళ్లిసంబంధం తెరిచినంత ఇబ్బందిగా ఉంది.

"ఎస్సైగారూ," అంది దుర్గాబాయి, "సచ్చేటోళ్లు ఆఖరి ఉత్తరం ఎన్ని కాపీలు రాస్తరు?"

"ఒకటే మేడమ్."

ఆమె బూజు పట్టిన మూట విప్పి కాగితాలు బల్ల మీద పరిచింది. "గిన్ని దీసింది ప్రిస్కిల్లా. తీసి, తడిగుడ్డల చుట్టి, చెక్కల నడుమ పెట్టింది. ఈ పద్ధతిల కాయితం తడిపే అద్దుతరు. నల్లరంగు అయినంక గూడ ఆరనియ్యరు. ఆరితే కాయితం ముడుచుకుంటది, రెండో రంగు గీతకు కలవదు. అంటే ఇంకో పలక ఉన్నది. బొమ్మ సగమే అయింది. మిగిలిన సగం రేపు అద్దాలె. తల్లిని గంజి అడిగింది తాగనీకి గాదు, రంగుల కలుపనీకి. గోడకు పోస్టరంటించేటోడు గంజి కాస్తే మనకు అర్థమైతది. ఈ పిల్ల అడిగితే ఆకలన్నరు."

ఎస్సై నేల చూశాడు.

"ఇగ మన అభిలాష్ బాబు. ఏండ్లకేండ్లు అచ్చులు దీసిన అన్నడు. గీ మూట జూసి పాత గుడ్డలన్నడు. పారేయాలన్నడు. ఒక్కనాడన్న కాయితం తడిపినోడైతే, మూట దేనిదో వాసనకే చెప్తడు. గాట్ల గురించి ఉపన్యాసం తెలుసు. తడి గురించి తెల్వదు. ఎందుకంటే ఇన్నేండ్లు ఆయన జేసింది సంతకం. అందుకే బల్ల మీదున్న ఒక్క కాయితమే బొమ్మ అనుకున్నడు. దాన్నే ఆఖరి ఉత్తరం జేసిండు."

"ఇది అవమానం," అన్నాడు అభిలాష్. "అది ఒక్క రంగు బొమ్మ. ఇంకో పలక ఎక్కడుంది?"

దుర్గాబాయి దినపత్రిక విప్పింది.

అభిలాష్ మొహంలో రంగు మారడం సృజన స్పష్టంగా చూసింది. పలక తిప్పితే, చెక్కిన వైపు ఎర్రగా ఉంది. మూలన రెండు గాట్లు. సృజన రంగు గిన్నె, కుంచె బయటికి తీసింది.

"సాక్ష్యానికి రంగు పూస్తారా మేడమ్?" ఎస్సై కంగారుపడ్డాడు.

"ఫొటోలు దీసుకున్నరు గదా. నీళ్ల రంగే, కడిగితే పోతది."

సృజన రాత్రంతా దినపత్రికల మీద సాధన చేసింది. దుర్గాబాయి ఇంట్లో కాచి తెచ్చిన గంజిని ఎర్రరంగులో కలిపి, కుంచెతో పలకకు పూసింది. మూటలోంచి బూజు తక్కువున్న కాగితం తీసి, మూలను గాటులో ఆనించి, పరిచింది. బిళ్ళతో రుద్దుతుంటే షెడ్డులో ఆ ఒక్క చప్పుడే. మూల పట్టుకుని మెల్లగా లేపింది.

నీళ్లలో ఆడమనిషి అలాగే ఉంది, చేతులు అలాగే చాచి. కానీ ఇంతకుముందు ఖాళీగా ఉన్నచోట ఇప్పుడు ఎర్రటి లారీలు, ఒకదాని వెనక ఒకటి, మట్టి ఎత్తిపోస్తూ ఆమె మీదికి వస్తున్నాయి. ఆమె మునగడం లేదు. అడ్డం నిలబడింది. ముందు లారీలో డ్రైవరు సీట్లో, నెత్తిన జుట్టు ముడితో, గుండ్రటి కళ్లద్దాలతో ఒక మనిషి.

అందరూ బొమ్మను చూసి, తర్వాత అభిలాష్‌ను చూశారు. అంజయ్య మాత్రం బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"ఆర్ట్ ఇది," అన్నాడు అభిలాష్. "ఎవరి ముఖమైనా వేసుకోవచ్చు."

"వేసుకోవచ్చు. మరి పొయ్యిల ఎందుకు పెట్టమన్నవ్? బుచ్చవ్వా, చెప్పు."

"ఆ శనివారం అంగట్లకెల్లి నేనొచ్చేసరికి చిన్న పటేలు, గీ అభిలాష్ బాబే, పెరట్ల ఏందో కాయితం కాలవెడ్తుండె," అంది బుచ్చవ్వ. "గీ చెక్క ఇచ్చి పొయ్యిల పెట్టుమన్నడు. గింత మంచి చెక్కను ఎవలన్న కాలవెడ్తరా? కుండకు సరీగ సరిపోయింది. రంగు ఆరలే, చేతులు మొత్తం ఎర్రగైనయి. సబ్బు వెట్టి కడుక్కున్న."

"అదే రోజు ప్రిస్కిల్లా ఉన్న కొద్ది గంజితోని ఎర్రపలక ఒక్కసారి అద్ది చూసింది, ఈయన కాలవెట్టిన కాయితం గదే," అంది దుర్గాబాయి. "ఆ రంగు ఆరకముందే పలక గౌడవెల్లిల ఉన్నది. శనివారం రాలేదన్నోని చేతుల ఉన్నది. లారీలు ఎవరి పేరు మీదున్నయో ఆమెకు తెలిసింది. బొమ్మ జేసింది. గ్యాలరీ గోడ మీదికెక్కితే ఈయన పోరాటం, పేరు, మొత్తం పోతయి. బొమ్మ దాసిపెట్టనీకి మనిషిని దాసిండు."

అభిలాష్ తండ్రి వైపు తిరిగాడు. మాటల్లేని తండ్రి వైపు.

"నాయినా..."

"నన్ను వాడుకున్నవ్, సరే," అన్నాడు అంజయ్య. "గా పిల్లనేం జేసినవ్ రా?"

అభిలాష్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా షోలోనే పెడతానంది. నా బొమ్మల మధ్యలో. క్వారీ గట్టు ఎక్కితే కుంటలో మట్టి ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది రమ్మని అటు తీసుకెళ్లింది. ఒడ్డున మాటామాటా పెరిగింది. చేయి పట్టుకుంది. విదిలించాను. అంతే. నేను చంపాలనుకోలేదు."

"ఈత రాదని తెల్సా?" ఎలీషమ్మ అడిగింది. షెడ్డులోకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే.

అతను తల వంచుకున్నాడు.

"అరిచిందా?"

అభిలాష్ తలుపు వైపు చూశాడు.

"ఒడ్డు మీద నిలవడ్డవ్. అరుపు ఆగేదాక నిలవడ్డవ్. జారిపోయిన ఆమె చెప్పులు దీసి ఒడ్డుకు వరసగ పెట్టినవ్." ఎలీషమ్మ లేచి, ఆరని బొమ్మను రెండు చేతులా ఎత్తుకుంది. రంగు ఆమె తెల్లచీరకు అంటింది. ఎస్సై ఏదో అనబోయి మానుకున్నాడు.

జయరాజు కుర్చీ జరిపి లేచాడు. భార్య చేతుల్లోని బొమ్మ దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆదివారం ఎలీషమ్మ రమ్మంటే దుర్గాబాయి, సృజన చర్చికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరుగారు ప్రకటించారు: సంఘ పెద్దలు తీర్మానించారని, ప్రిస్కిల్లా ఆత్మహత్య చేసుకోలేదని తేలింది కనుక ఆమెను గోడ పక్కనుంచి తీసి కుటుంబం వారి చోట సమాధి చేస్తారని, గంట కొడతారని. దుర్గాబాయి ఎలీషమ్మ వైపు చూసింది. అడిగింది దొరికింది. ఆమె మాత్రం మొగుణ్ణే చూస్తోంది.

జయరాజు లేచాడు. తీర్మానం మీద మొదటి సంతకం ఆయనే పెట్టాలి. ఆయన పెద్దల వరస దాటి, మగవాళ్ల వైపు చివరి బెంచీ దాకా నడిచి, అక్కడ తలొంచుకు కూర్చున్న బక్కమనిషి ముందు ఆగాడు.

"నా బిడ్డ దుంకలే గాబట్టి తీస్తమంటున్నరు," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "మరి గిడియోన్ కొడుకు నిజంగనే ఉరేసుకున్నడు. వాడు ఆన్నే ఉండాల్నా? పద్దెనిమిదేండ్లు నిండని పోరడు." ఆగాడు. బెంచీ అంచు పట్టుకున్నాడు. "గోడ పక్కన పెట్టుమని దేవుడు చెప్పలే. నేను చెప్పిన. తీస్తే ఇద్దర్నీ తియ్యాలె..."

తర్వాతి మాటలు గొణుగుడులో కలిసిపోయాయి. గిడియోన్ తల ఎత్తాడు.

ఆడవాళ్ల వైపునుంచి ఎలీషమ్మ గొంతు వినిపించింది, నిదానంగా. "ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పు."

జయరాజు భార్య వైపు చూశాడు. చొక్కా మెడ గుండీ తీసుకున్నాడు. గిడియోన్ వైపు తిరిగి, చర్చి మొత్తానికీ వినపడేలా అన్నాడు:

"తప్పు జేసిన తమ్మీ. నీ కొడుకు విషయంల తప్పు జేసిన. నా బిడ్డ విషయంల తప్పు జేసిన. తప్పు నాదే."